దిగడానికి నిమిషాలు, పైకి రావడానికి గంటలు: బ్రిటానిక్ ఓడ వద్ద డైవర్ల లెక్క

క్లుప్తంగా: మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఏజియన్ సముద్రంలో మునిగిన బ్రిటిష్ ఆసుపత్రి నౌక బ్రిటానిక్ నుంచి 2025 మేలో డైవర్లు కొన్ని వస్తువులను పైకి తెచ్చారు. ఆ ఓడ దాదాపు 120 మీటర్ల లోతున ఉంది. అక్కడికి చేరడానికి కొద్ది నిమిషాలు చాలు. క్షేమంగా తిరిగి రావడానికి గంటలు పడుతుంది. ఏ వాయువు పీల్చాలి, ఏ పరికరం వాడాలి, ఓడ లోపల ఎంత దూరం పోవచ్చు అనే నిర్ణయాలన్నీ ఆ తిరుగు ప్రయాణాన్ని బట్టే జరుగుతాయి. ఓడ అంత త్వరగా ఎందుకు మునిగిందనే ప్రశ్నకు ఇప్పటికీ పూర్తి సమాధానం దొరకకపోవడానికీ ప్రధాన కారణం అదే.

తాజా వార్త, పాత ప్రశ్న

గ్రీసు సాంస్కృతిక మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబరులో ఒక ప్రకటన చేసింది. కేయా ద్వీపం సమీపంలో మునిగి ఉన్న బ్రిటానిక్ నుంచి, నిఘా సిబ్బంది మోగించే గంట, ఎడమ పక్క దిక్సూచక దీపం, మొదటి తరగతి వెండి పూత పళ్ళేలు, స్నానశాల గోడల పింగాణీ పలకలు, ఒక బైనాక్యులర్, రెండో తరగతి గదిలోని చేతులు కడిగే తొట్టి వెలికితీసినట్టు అందులో తెలిపింది. ఈ పని చేసినవారు పదకొండు మంది డైవర్లు. వారి వద్ద జలాంతర్గామి లేదు, గట్టి లోహపు కవచమూ లేదు. శరీరం సముద్రపు ఒత్తిడికి నేరుగా లోనవుతుండగానే అక్కడ పనిచేశారు.

ఈ వార్త చదివినవారికి సహజంగా ఒక సందేహం వస్తుంది. బ్రిటానిక్ టైటానిక్‌కు చెల్లెలి వరస ఓడ. టైటానిక్ దగ్గరికి ప్రత్యేక జలాంతర వాహనాల్లో తప్ప మనిషి వెళ్ళలేడు. మరి దీని దగ్గరికి ఈదుకుంటూ ఎలా వెళ్ళగలుగుతున్నారు? తేడా అంతా లోతులోనే ఉంది. టైటానిక్ సుమారు 3,800 మీటర్ల అడుగున ఉండగా, బ్రిటానిక్ ఉన్న లోతు అందులో ముప్పయ్యో వంతు మాత్రమే. అలాగని అది సులువైన లోతు కాదు. వినోదం కోసం డైవింగ్ చేసేవారికి శిక్షణ సంస్థలు విధించే గరిష్ఠ పరిమితి 40 మీటర్లు. బ్రిటానిక్ అడుగు అంతకు మూడు రెట్లు కిందికి ఉంది. మనిషి చేరగల లోతుకూ, చేరకూడని లోతుకూ మధ్య ఉన్న సన్నటి పట్టీలో ఆ ఓడ పడి ఉంది. దాని చుట్టూ అల్లుకున్న సాంకేతికతకు, ప్రమాదాలకు, వివాదాలకు మూలం ఇదే.

యాభై ఐదు నిమిషాలు

బ్రిటానిక్‌ను బెల్‌ఫాస్ట్‌లోని హార్లండ్ అండ్ వుల్ఫ్ నౌకా నిర్మాణ కేంద్రంలో కట్టి 1914 ఫిబ్రవరిలో నీళ్ళలోకి దింపారు. పొడవు 269 మీటర్లు; ఓడ లోపలి పరిమాణాన్ని తెలిపే గ్రాస్ టన్నేజి 48 వేలకు పైగా. టైటానిక్ ప్రమాదం తరువాత దీని నమూనాలో చెప్పుకోదగ్గ మార్పులు చేశారు. యంత్రాలు, బాయిలర్లు ఉన్న భాగం చుట్టూ రెండో తొడుగు వేశారు; నీరు చొరబడకుండా అడ్డుకునే గోడలు కొన్నింటిని ఎత్తు పెంచారు. ముందు భాగంలోని ఆరు గదులు నీటితో నిండినా ఓడ తేలుతూ ఉండాలన్నది లక్ష్యం. ప్రయాణికుల నౌకగా ఒక్కసారైనా తిరగకముందే యుద్ధం వచ్చింది. 1915 చివర్లో దాన్ని ఆసుపత్రి నౌకగా మార్చారు.

1916 నవంబరు 21 ఉదయం, గాయపడిన సైనికులను తీసుకురావడానికి లెమ్నోస్ ద్వీపంలోని ముద్రోస్ వైపు వెళుతుండగా, 8 గంటల 12 నిమిషాలకు ముందు భాగంలో కుడివైపు పేలుడు జరిగింది. 9 గంటల 7 నిమిషాలకల్లా ఓడ మునిగిపోయింది. వెయ్యి మందికి పైగా ఉన్న ఆ ఓడలో మరణించినవారు 30 మంది. వారిలో ఎక్కువమంది ఓడతో పాటు మునిగినవారు కారు. కెప్టెన్ చార్లెస్ బార్ట్‌లెట్ ఓడను కేయా తీరాన మెట్ట ఎక్కించాలని ఇంజన్లు నడుపుతూనే ఉన్నాడు. అదే సమయంలో అనుమతి లేకుండా దింపిన రెండు పడవలు తిరుగుతున్న ప్రొపెల్లర్ల కిందికి వెళ్ళి నుజ్జయ్యాయి.

టైటానిక్ మునగడానికి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది. దానికంటే పటిష్ఠంగా కట్టిన ఓడ గంటలోపే ఎలా మునిగింది? డైవర్లను ఇన్నేళ్ళుగా అక్కడికి లాగుతున్నది ఈ ప్రశ్నే. పేలుడు ధాటికి నీటిని అడ్డుకునే తలుపులు కొన్ని మూసుకోలేదని, వార్డుల్లోకి గాలి రావడానికి తెరిచి ఉంచిన కింది అంతస్తుల గుండ్రటి కిటికీల గుండా, ఓడ ఒరిగే కొద్దీ, నీరు లోపలికి వచ్చిందని అప్పుడే చెప్పుకున్నారు. నిజంగా ఏ తలుపు తెరిచి ఉంది, ఏది వంగిపోయి ఇరుక్కుంది అన్నది మాత్రం కాగితాల మీద తేలే విషయం కాదు.

ఓడ ఎక్కడుందో కూడా చాలాకాలం సరిగ్గా తెలియలేదు. ఫ్రెంచ్ సముద్ర అన్వేషకుడు జాక్ కూస్తో 1975 డిసెంబరులో కనుగొన్నప్పుడు, బ్రిటిష్ నౌకాదళ పటంలో గుర్తించిన చోటికి అది దాదాపు ఏడు నాటికల్ మైళ్ళ దూరంలో ఉందని తేలింది. ఓడ కుడి పక్కకు ఒరిగి పడుకుని ఉంది. దాని పొడవు సముద్రపు లోతుకు రెట్టింపుకు పైగా ఉండడంతో, వెనుక భాగం ఇంకా నీటిపైన ఉండగానే ముక్కు నేలను తాకింది; అందువల్ల ముందు భాగం నలిగి, మిగతా ఓడకు అంటీ ముట్టనట్టుగా వేలాడుతోంది. వెడల్పు 28 మీటర్లకు పైగా ఉన్న ఓడ పక్కకు పడుకోవడంతో దాని పైఅంచు సుమారు 90 మీటర్ల లోతులో మొదలవుతుంది.

గాలి ఎందుకు పనికిరాదు

సముద్రంలో ప్రతి 10 మీటర్లకు ఒత్తిడి సుమారుగా ఒక బార్ (దాదాపు నేల మీది గాలి ఒత్తిడికి సమానం) పెరుగుతుంది. 120 మీటర్ల వద్ద, ఉపరితల వాతావరణాన్ని కూడా కలుపుకుంటే, మొత్తం ఒత్తిడి 13 బార్లు. మనం రోజూ పీల్చే గాలినే అక్కడ పీలిస్తే అందులోని 21 శాతం ఆక్సిజన్ 2.7 బార్ల పాక్షిక పీడనంతో (మొత్తం ఒత్తిడిలో ఆ వాయువు వాటా) శరీరంలోకి వెళుతుంది. పనిచేస్తున్న డైవర్‌కు సాధారణంగా పాటించే హద్దు 1.4 బార్లు, విశ్రాంతిగా ఉన్నప్పుడు 1.6. ఆ హద్దు దాటితే ఆక్సిజన్ నాడీ వ్యవస్థకు విషంగా మారుతుంది. హెచ్చరిక లేకుండానే మూర్ఛ రావచ్చు. నేల మీద మూర్ఛ ప్రాణాంతకం కానక్కరలేదు. నీటిలో నోటి నుంచి గొట్టం జారిపోతే మునిగిపోవడమే.

ఇక మిగిలిన నైట్రోజన్ మత్తెక్కిస్తుంది. 30 మీటర్ల దగ్గరే మొదలయ్యే ఈ మత్తు 120 మీటర్ల వద్ద మనిషిని ఆలోచించలేని స్థితికి చేరుస్తుంది. ఈ రెండింటికీ పరిష్కారం హీలియం. ఆక్సిజన్, హీలియం, నైట్రోజన్ కలిపిన మిశ్రమాన్ని డైవర్లు ట్రైమిక్స్ అంటారు. 10 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమం 13 బార్ల వద్ద 1.3 బార్ల ఆక్సిజన్‌ను ఇస్తుంది. అయితే అదే మిశ్రమాన్ని నీటిపైన పీలిస్తే ఆక్సిజన్ చాలక స్పృహ తప్పవచ్చు. అందుకే పైనుంచి దిగేటప్పుడు ఒక వాయువు, అడుగున మరొకటి వాడవలసి వస్తుంది. సిలిండర్ల గుర్తులు తారుమారైతే జరిగే ప్రమాదాలకు ఇక్కడే బీజం పడుతుంది.

గత దశాబ్దంలో ఎక్కువగా చర్చకు వచ్చినది మూడో అంశం, వాయు సాంద్రత. ఒత్తిడి పెరిగే కొద్దీ వాయువు చిక్కబడుతుంది; ఊపిరి పీల్చి వదలడమే శ్రమ అవుతుంది; కార్బన్ డయాక్సైడ్ పూర్తిగా బయటికి పోదు. లీటరుకు 5.2 గ్రాముల సాంద్రత దాటకపోవడం మంచిదని, 6.2 గ్రాములు దాటితే ప్రమాదం బాగా పెరుగుతుందని పరిశోధకులు సూచించారు. ఈ కొలతతో బ్రిటానిక్‌ను చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. మామూలు గాలి అక్కడ లీటరుకు దాదాపు 17 గ్రాములు తూగుతుంది. 10 శాతం ఆక్సిజన్, 70 శాతం హీలియం ఉన్న మిశ్రమం మత్తు విషయంలో బాగానే పనిచేస్తుంది, కానీ సాంద్రత 6.7 గ్రాములకు చేరుతుంది. హీలియంను 80 శాతానికి పెంచితేనే 5.3కు తగ్గుతుంది. అంటే పాత లెక్కల ప్రకారం సరిపోయిందనుకున్న మిశ్రమమే నేటి లెక్కలో హద్దు దాటుతోంది.

సిలిండర్ల నుంచి రీబ్రీతర్ల దాకా

ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తి 13 బార్ల వద్ద నిమిషానికి 260 లీటర్ల వాయువు ఖర్చు చేస్తాడు. 12 లీటర్ల సిలిండర్‌ను 230 బార్లకు నింపితే అందులో ఉండేది సుమారు 2,760 లీటర్లు. అది అడుగున పది నిమిషాలకు కాస్త ఎక్కువ వస్తుంది. పాత పద్ధతిలో పీల్చిన ప్రతి శ్వాస బుడగలుగా పైకి పోతుంది. ఖరీదైన హీలియం అంతా సముద్రం పాలవుతుంది. 1990ల చివర్లో ట్రైమిక్స్‌తో బ్రిటానిక్‌ను చేరిన బృందాలు ఇలాంటి సిలిండర్ల మోపుతోనే దిగాయి.

రీబ్రీతర్ ఈ లెక్కను మార్చింది. వదిలిన ఊపిరి బయటికి పోకుండా ఒక వలయంలో తిరుగుతుంది. సోడా లైమ్ నింపిన డబ్బా కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. శరీరం వాడుకున్నంత ఆక్సిజన్‌ను పరికరం తిరిగి చేరుస్తుంది. శరీరం ఆక్సిజన్ వాడకం శ్రమను బట్టి ఉంటుందే తప్ప లోతును బట్టి కాదు. నిమిషానికి ఒకటి, ఒకటిన్నర లీటర్లు చాలు. అంతకంటే పెద్ద లాభం మరొకటి ఉంది. ఆక్సిజన్ పాక్షిక పీడనాన్ని 1.3 బార్ల వద్ద ఉంచమని నిర్దేశిస్తే, 120 మీటర్ల వద్ద మిశ్రమంలో ఆక్సిజన్ 10 శాతం, 40 మీటర్ల వద్ద 26 శాతం, 12 మీటర్ల వద్ద 59 శాతం ఉండేలా పరికరమే సరిచేసుకుంటుంది. సిలిండర్లతో దిగినవారు నాలుగైదు మిశ్రమాలతో ఉజ్జాయింపుగా సాధించేది ఇది అడుగడుగునా చేస్తుంది. 2003లో అడుగుకు వెళ్ళిన డైవర్లందరూ రీబ్రీతర్లతోనే దిగిన బృందం బ్రిటానిక్ వద్దకు వచ్చింది. ఓడ పరిశీలన స్థాయి పెరిగింది ఆ తరువాతే.

అయితే సిలిండర్‌లో వాయువు అయిపోతే ఊపిరి అందదు, విషయం వెంటనే తెలుస్తుంది. రీబ్రీతర్‌లో ఆక్సిజన్ పడిపోయినా, పెరిగినా ఊపిరి మామూలుగానే ఆడుతూ ఉంటుంది. డైవర్‌కు తెలిపేది సెన్సర్లు మాత్రమే. మూడు సెన్సర్లు ఉండేది అందుకే: ఒకటి తప్పు చూపితే మిగతా రెండింటితో పోల్చుకోవచ్చు. ఒకే పాతబడిన బ్యాచ్‌కు చెందిన రెండు ఒకేసారి తప్పితే ఆ పోలికే తప్పుదారి పట్టిస్తుంది. పరికరం మొత్తం మొరాయిస్తే పైదాకా రావడానికి సరిపడే సిలిండర్లు వెంట ఉండాలి. వదిలించుకున్నామనుకున్న 260 లీటర్ల లెక్క అప్పుడు మళ్ళీ ముందుకు వస్తుంది.

పైకి రావడమే అసలు పని

ఒత్తిడిలో ఉన్నంతసేపూ నైట్రోజన్, హీలియం రక్తంలో, కణజాలంలో కరుగుతూ ఉంటాయి. ఒత్తిడి తగ్గే కొద్దీ అవి ఊపిరితిత్తుల ద్వారా బయటికి రావాలి. తొందరపడితే శరీరంలోనే బుడగలు కడతాయి. కీళ్ళ నొప్పుల నుంచి పక్షవాతం, మరణం దాకా ఏదైనా జరగవచ్చు. మెట్లు మెట్లుగా ఆగుతూ రావాలన్న సూత్రాన్ని బ్రిటిష్ శాస్త్రవేత్త జె.ఎస్. హాల్డేన్ 1908లో పట్టికలుగా ఇచ్చాడు. నేటి డైవర్ల మణికట్టు కంప్యూటర్లలో ఎక్కువగా ఉండేది స్విట్జర్లాండ్ వైద్యుడు బూల్‌మన్ రూపొందించిన నమూనా. శరీరాన్ని పదహారు ఊహాత్మక భాగాలుగా విడదీసి, ఒక్కొక్కటి ఎంత వేగంగా వాయువును పీల్చుకుంటుంది, వదులుతుంది అని అది లెక్కిస్తుంది. హీలియం నైట్రోజన్ కంటే దాదాపు రెండున్నర రెట్ల వేగంతో లోపలికి చేరుతుంది, కనుక అడుగున గడిపే ప్రతి అదనపు నిమిషానికీ మూల్యం ఎక్కువే.

బ్రిటానిక్ వద్ద అడుగున అరగంట గడిపితే మొత్తం డైవ్ ఐదు గంటల దరిదాపుల్లో ఉంటుంది. ఆ సమయంలో ఎక్కువ భాగం 12 మీటర్ల కంటే తక్కువ లోతులోనే, ఒక తాడును లేదా వేలాడదీసిన కడ్డీని పట్టుకుని గడుస్తుంది. సూర్యకాంతి కనిపిస్తూనే ఉంటుంది, పడవ అడుగు కనిపిస్తూనే ఉంటుంది, కానీ పైకి రాకూడదు. పరికరం మొరాయించినా, చలికి వణుకు వచ్చినా అంతే. ముందు నుయ్యి వెనుక గొయ్యి అన్న పరిస్థితి. పైగా కేయా జలసంధిలో ప్రవాహాలు బలంగా ఉంటాయి, ఓడల రాకపోకలు ఎక్కువ. ప్రవాహం డైవర్లను ఓడల దారిలోకి నెట్టకుండా చూసుకోవడం పైన ఉన్న పడవ సిబ్బంది బాధ్యత.

ఆక్సిజన్ విషయంలోనూ రాజీ తప్పదు. ఆక్సిజన్ ఎక్కువగా ఇస్తే కరిగిన వాయువులు త్వరగా బయటపడతాయి; అదే ఆక్సిజన్ ఎక్కువసేపు పీలిస్తే మూర్ఛ భయం. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా పట్టికల్లో 1.3 బార్ల వద్ద ఒక్క డైవ్‌కు పరిమితి 180 నిమిషాలు. ఐదు గంటల డైవ్ దాన్ని సునాయాసంగా దాటుతుంది. అంటే ఇలాంటి డైవ్‌లు చేసేవారు ఒక ప్రమాదాన్ని తగ్గించుకోవడానికి మరో ప్రమాదాన్ని తెలిసే మోస్తున్నారు. మొదటి ఆగే చోటు ఎంత లోతులో ఉండాలన్నదానిపై కూడా అభిప్రాయాలు మారాయి. బాగా లోతులోనే ఆగడం మొదలుపెట్టాలన్న పద్ధతి ఒకప్పుడు ప్రచారంలో ఉండేది. అమెరికా నౌకాదళం 2011లో వెలువరించిన పరీక్షా ఫలితాల్లో ఆ పద్ధతి పాటించినవారికే జబ్బు ఎక్కువగా వచ్చినట్టు తేలడంతో అది వెనక్కి తగ్గింది.

ఇంత జాగ్రత్త ఉన్నా మరణాలు ఆగలేదు. బ్రిటానిక్ వద్ద 2009లో ఒక డైవర్, 2019లో మరొకరు ప్రాణాలు కోల్పోయారు. ఇద్దరూ అనుభవజ్ఞులే.

లోపలికి వెళ్ళినవారు ఏం చూశారు

2003 బృందం నుంచి రెండు ముఖ్యమైన ఆధారాలు వచ్చాయి. ఒకటి, ఓడకు దూరంగా సముద్రపు అడుగున మైన్ల (నీటిలో పరిచే పేలుడు పదార్థాల) లంగర్లను సోనార్ (ధ్వని తరంగాలతో వెతికే పరికరం) గుర్తించింది. బ్రిటానిక్‌ను టార్పెడో ముంచిందా, మైన్ ముంచిందా అన్న వివాదం చాలాకాలంగా సాగింది. జర్మన్ జలాంతర్గామి యూ-73 ఆ జలసంధిలో మైన్లు పరిచినట్టు జర్మన్ రికార్డుల్లో ఉంది. ఫ్రెంచ్ నౌక బుర్డిగాలా కూడా బ్రిటానిక్‌కు వారం ముందు అదే జలాల్లో మునిగింది. లంగర్లు దొరకడంతో మైన్ వాదనకు బలం చేకూరింది. రెండోది, లోపలికి వెళ్ళిన డైవర్ నీరు చొరబడని తలుపులు కొన్ని తెరిచే ఉన్నట్టు చూశాడు. పేలుడు జరిగిన సమయానికి సిబ్బంది షిఫ్టు మారుతుండడం వల్ల తలుపులు తెరిచి ఉండవచ్చునన్నది ఒక వివరణ. పేలుడుకు చట్రాలు వంగి తలుపులు దిగలేదన్నది మరొకటి. తెరిచి ఉన్న తలుపును చూసినంత మాత్రాన ఈ రెండింటిలో ఏది నిజమో తేలదు. చట్రాన్ని దగ్గరగా, తీరిగ్గా పరిశీలించాలి. అరగంటలో దొరకనిదే ఆ తీరిక.

నలిగిన ముందు భాగంలోని చీలిక గుండా, ఒకప్పుడు బొగ్గు వేసే కార్మికులు తమ గదుల నుంచి బాయిలర్ల దగ్గరికి నడిచిన సొరంగంలోకి ప్రవేశించవచ్చు. దారి ఇరుకు. ఓడ పక్కకు ఒరిగి ఉండడంతో నేల గోడగా, గోడ నేలగా మారాయి. నమూనా పటాన్ని మనసులోనే తొంభై డిగ్రీలు తిప్పుకుంటూ కదలాలి. వందేళ్ళుగా పేరుకున్న ఒండ్రు, తుప్పు చిన్న కదలికకే లేచిపోతాయి. 2006లో ఓడ మునిగిన తీరును తేల్చడానికి వచ్చిన బృందంలోని ఇద్దరు డైవర్లకు ఇదే జరిగింది. లోపల ఏమీ కనిపించని స్థితి ఏర్పడి, పని మధ్యలో ఆపి, అతి కష్టం మీద బయటపడ్డారు. బయటికి దారి వెతుక్కోవడంలో పోయే ప్రతి నిమిషం అడుగున గడిపిన కాలం లెక్కలోకే వస్తుంది. తిరుగు ప్రయాణాన్ని పొడిగిస్తుంది. వెంట తెచ్చిన అత్యవసర వాయువు సరిపోతుందన్న అంచనాను తలకిందులు చేస్తుంది.

ఇతర దారులు లేవా

ఉన్నాయి. చమురు రంగంలో వాడే శాచురేషన్ డైవింగ్‌లో డైవర్లు ఓడ మీది ఒత్తిడి గదిలోనే రోజుల తరబడి నివసిస్తారు. గంట ఆకారపు బోనులో కిందికి వెళ్ళి, పని చేసి, అదే ఒత్తిడిలో తిరిగి గదికి చేరతారు. శరీరం ఒకసారి వాయువుతో పూర్తిగా నిండాక ఎంతసేపు ఉన్నా తిరిగి రావడానికి పట్టే కాలం పెరగదు కాబట్టి, డీకంప్రెషన్ (ఒత్తిడిని మెల్లగా తగ్గించడం) చివర్లో ఒక్కసారే చేస్తారు. 1942లో బారెంట్స్ సముద్రంలో మునిగిన బ్రిటిష్ యుద్ధనౌక ఎడిన్‌బరో నుంచి 1981లో, సుమారు 245 మీటర్ల లోతు నుంచి, 431 బంగారు కడ్డీలను ఈ పద్ధతిలోనే తీశారు. బ్రిటానిక్ కంటే రెట్టింపు లోతులో, గంటల తరబడి, ఓడ పొట్టలో దారి కోసుకుంటూ పనిచేశారు. దానికి తగ్గ పెద్ద ఓడ, సిబ్బంది, ఖర్చు కావాలి. బంగారం ఉంటే ఆ ఖర్చు గిట్టుబాటవుతుంది. తలుపు చట్రం కొలతల కోసం అంత పెట్టుబడి ఎవరూ పెట్టరు.

దూరనియంత్రణ రోబోలు ఓడ బయటి భాగాన్ని ఎంతసేపైనా చిత్రించగలవు. వాటికి అలసట లేదు, తిరుగు ప్రయాణం లెక్క లేదు. కానీ వాటి వెనుక తీగ ఉంటుంది. తీగలు, పైపులు, వంగిన ఇనుము వేలాడే ఇరుకు సొరంగంలో ఆ తీగ చిక్కుకుంటే రోబో అక్కడే ఉండిపోతుంది. శిథిలం చుట్టూ కొలతలు తీసే పనికి రోబో, లోపల చేత్తో తడిమి చూడవలసిన చోటికి డైవర్ అన్న విభజన సమంజసంగానే కనిపిస్తుంది.

చట్టం, 2025 జాబితా

ఓడ గ్రీసు ప్రాదేశిక జలాల్లో ఉంది. యాభై ఏళ్ళకు పైబడిన నౌకా శిథిలాలను ఆ దేశం సాంస్కృతిక సంపదగా పరిగణిస్తుంది. వాటి వద్ద పనికి సాంస్కృతిక శాఖ అనుమతి, పర్యవేక్షణ ఉండాలి. ఓడ యాజమాన్య హక్కును మాత్రం బ్రిటిష్ ప్రభుత్వం నుంచి 1996లో చరిత్రకారుడు సైమన్ మిల్స్ కొనుగోలు చేశాడు. ఓడ ఒకరిది, అది పడి ఉన్న నేల మీద అధికారం మరొకరిది కావడంతో ఏ పనికైనా ఇద్దరి సమ్మతి కావలసి వస్తోంది. 2025 బృందాన్ని ఏర్పాటు చేసింది మిల్స్. పర్యవేక్షించింది గ్రీసు ప్రభుత్వ జలాంతర పురావస్తు విభాగం.

తీసిన వస్తువుల జాబితాను చూస్తే అందులోనూ డైవ్ లెక్క కనిపిస్తుంది. అన్నీ ఒకరిద్దరు పట్టుకుని కట్టగలిగినవి, తక్కువ సమయంలో విడదీయగలిగినవి. ఇలాంటి వస్తువులను గాలి సంచులకు కట్టి పైకి పంపుతారు. నీటిలో 50 కిలోలు తూగే వస్తువును లేపడానికి సంచిలో 50 లీటర్ల గాలి చాలు. కానీ 13 బార్ల వద్ద ఆ 50 లీటర్లు నింపాలంటే ఉపరితల లెక్కలో 650 లీటర్లు ఖర్చవుతాయి. పైకి వెళ్ళే కొద్దీ ఆ గాలి వ్యాకోచించి అడుగు అంచు నుంచి పొంగిపోతుంది. సంచి కొద్ది నిమిషాల్లో ఉపరితలం చేరుతుంది. దాన్ని కట్టిన డైవర్ చేరేది మధ్యాహ్నం ఎప్పటికో.

ఒడ్డుకు చేరాక వస్తువులకు మరో తిరుగు ప్రయాణం ఉంటుంది. ఉప్పునీటిలో వందేళ్ళున్న లోహాన్ని అలాగే ఆరనిస్తే లోపలి లవణాలు దాన్ని తినేస్తాయి. అందుకే జీవజాలాన్ని తొలగించి, ఏథెన్స్‌లోని ప్రయోగశాలలకు తరలించారు. వాటిని పిరయస్‌లో ఏర్పాటవుతున్న జలాంతర పురావస్తు జాతీయ మ్యూజియంలో ప్రదర్శించాలన్నది ప్రణాళిక. ముందుగా అనుకున్నవాటిలో కొన్నింటిని, అవి ఉన్న చోటు, స్థితి అనుకూలించక, వదిలేయవలసి వచ్చిందని అధికారులు తెలిపారు. తలుపుల ప్రశ్న మాత్రం ఆ జాబితాలోనే లేదు. బాయిలర్ గదుల దగ్గరి చట్రాలను కొలవాలంటే వస్తువులు తీసే డైవ్‌లు కాక, సొరంగంలోకి వెళ్ళడానికే ఉద్దేశించిన వేరే అనుమతి, వేరే ప్రణాళిక కావాలి. ముందు భాగం ఇనుము ఏటేటా పలచబడుతుండడంతో ఆ ప్రవేశమార్గం ఎంతకాలం తెరిచి ఉంటుందన్నది ఆ ప్రణాళిక వేసేవారు మొదట తేల్చుకోవలసిన విషయం.